ఆటవెలదిలో సంపాదకుడు: ‘నార్లవారి మాట’లో వాస్తవం, వ్యంగ్యం, ప్రమాణం

వ్యాససంగ్రహం:

దినపత్రిక సంపాదకీయం సాధారణంగా సంతకం లేని రచన. శతకపద్యం నాలుగో పాదంలో పేరు పలికే రచన. జీవితంలో అధికభాగం మొదటి రకం రచన చేసిన నార్ల వెంకటేశ్వరరావు (1908–1985) తన వృత్తి గురించీ, మతం గురించీ, లోకం తీరు గురించీ ఉన్న ఆలోచనలను ‘నార్లవారి మాట’ పేరుతో ఆటవెలదులుగా చెప్పారు. శబ్దప్రమాణాన్ని ప్రశ్నించిన హేతువాది ప్రతి పద్యాన్నీ తన మాటే వాస్తవమనే ముద్రతో ముగించడంలో ఒక వైరుధ్యం ఉంది. ఆ వైరుధ్యాన్ని ఛందస్సు, శతకసంప్రదాయం, ఆయన పౌరాణిక నాటకాల ఇతివృత్తాలు, భారతీయ ప్రమాణచర్చ అనే నాలుగు వైపుల నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పద్యంలోని దృష్టాంతం బలంగా ఉన్నచోట మకుటం బాధ్యత వహించే సంతకంగా, అది లేనిచోట ఉత్త అధికారముద్రగా పనిచేస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నార్ల వెంకటేశ్వరరావు, ఆటవెలది, మకుటం, అధిక్షేప శతకం, ఆప్తవాక్యం, వాస్తవం, పత్రికా రచన.

1. ప్రవేశిక:

తెలుగు పత్రికారంగంలో నార్ల స్థానం గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువ. 1942లో ‘ఆంధ్రప్రభ’ సంపాదకత్వం చేపట్టారు. 1960లో విజయవాడ నుంచి వెలువడిన ‘ఆంధ్రజ్యోతి’కి వ్యవస్థాపక సంపాదకులయ్యారు. రాజ్యసభ సభ్యులుగా పనిచేశారు. ఎం.ఎన్.రాయ్ భావాల ప్రభావంతో మానవవాదిగా, హేతువాదిగా నిలిచారు. దినపత్రిక వచనాన్ని వ్యావహారికానికి దగ్గర చేసినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన సంపాదకీయాలపైనా, నాటకాలపైనా చర్చ జరిగింది. పద్యాలను మాత్రం చాలావరకు పత్రికా విలువల గురించి మాట్లాడేటప్పుడు ఉదాహరించే సూక్తులుగానే వాడుకోవడం కనిపిస్తుంది. సూక్తిగా వాడేటప్పుడు పద్యం చెప్పే విషయం మీద దృష్టి నిలుస్తుంది. ఆ విషయాన్ని ఆ రూపంలోనే ఎందుకు చెప్పవలసి వచ్చిందన్న ప్రశ్న వెనకబడుతుంది.

ఈ ప్రశ్నకు ‘వేమన మీద అభిమానం’ అనేది సులభమైన సమాధానం. అది అబద్ధం కాదు. సాహిత్య అకాడమీ ‘భారతీయ సాహిత్య నిర్మాతలు’ గ్రంథమాలకు వేమన గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసినవారు నార్లే. అయితే అభిమానం ఎంపికకు కారణమవుతుంది గాని, ఆ ఎంపిక వల్ల రచనలో ఏం జరిగిందో చెప్పదు. వేమన మకుటానికీ నార్ల మకుటానికీ మధ్య ఉన్న తేడాలోనే ఆ జరిగినదేమిటో దొరుకుతుంది.

2. ముసుగూ, మకుటమూ:

పత్రికల కోసం వ్యంగ్యరచన చేసిన తెలుగు రచయితలు ఎక్కువగా ఒక ముసుగును ఎంచుకున్నారు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలు 1913లో ‘సువర్ణలేఖ’లో మొదలై, తరువాత ‘ఆంధ్రపత్రిక’లో కొనసాగాయి. ఇంగ్లీషులో అడిసన్, స్టీల్ నడిపిన ‘స్పెక్టేటర్’ వాటికి నమూనా. వాటిలో మాట్లాడేది పానుగంటి కాదు, సాక్షి సంఘం. మరీ ముఖ్యంగా జంఘాలశాస్త్రి. సభలో లేచి నిలబడి అతిశయోక్తులతో విరుచుకుపడే ఆ పాత్ర అన్న ప్రతి మాటకూ రచయిత పూచీ పడనక్కర లేదు. ‘తెలుగు స్వతంత్ర’లో గోరాశాస్త్రి నడిపిన ‘వినాయకుడి వీణ’లోనూ శీర్షికే ఒక ముసుగు. దేవుడి పేరు పెట్టుకొని మనుషుల సంగతులు మాట్లాడటంలోనే సగం వ్యంగ్యం పుట్టుకొస్తుంది.

ముసుగు రచయితకు రెండు సౌకర్యాలిస్తుంది. మొదటిది చనువు: సొంత గొంతుతో అనలేనిది పాత్ర నోటితో అనవచ్చు. రెండోది అనిశ్చితి: ఎక్కడ వేళాకోళం ముగిసి, ఎక్కడ అభిప్రాయం మొదలైందో పాఠకుడు తేల్చుకోవాలి. ‘నార్లవారి మాట’ ఈ రెండింటినీ వదులుకుంది. పుస్తకం పేరులోనూ, పద్యం చివరా రచయిత ఇంటిపేరే ఉంది.

ఇందులో వృత్తికి సంబంధించిన కారణం ఒకటి ఊహించవచ్చు. దినపత్రిక సంపాదకీయంలో మాట్లాడేది పత్రిక. అది ‘నేను’ అనదు. దాని వెనక యజమాని, సంస్థ, ముద్రణవేళ, ప్రకటనల ఆదాయం వంటి ఎన్నో ఒత్తిళ్లుంటాయి. ‘ఆంధ్రప్రభ’ రామ్‌నాథ్ గోయెంకా నడిపిన ఎక్స్‌ప్రెస్ సంస్థకు చెందిన పత్రిక. అక్కడ దశాబ్దంన్నరకు పైగా రోజూ సంతకం లేని వచనం రాసిన వ్యక్తి ప్రతి పద్యానికీ సంతకం పడే రూపాన్ని చేపట్టడం యాదృచ్ఛికంగా కనిపించదు. వచనంలో సంస్థ మాట్లాడింది, పద్యంలో మనిషి మాట్లాడాడు. ‘నార్లవారి మాట’ అన్న పేరుకు ఈ నేపథ్యంలో ఒక నిర్దిష్టమైన అర్థం వస్తుంది: ఇది పత్రిక వారి మాట కాదు.

3. మకుటంలో దేవుడి చోటు:

తెలుగు శతకంలో మకుటస్థానం ఎవరిదన్నది ఆ శతకం స్వభావాన్ని నిర్ణయిస్తుంది. భక్తిశతకంలో అది దేవుడి స్థానం. కవి మాట్లాడతాడు, దేవుడు వింటాడు. అధిక్షేప శతకాల్లో ఈ అమరిక రాజకీయ స్వభావాన్ని సంతరించుకుంది. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నరసింహుణ్ణి ఉద్దేశించి, భల్లా పేరకవి భద్రాద్రి రాముణ్ణి ఉద్దేశించి, దండయాత్రల వేళ ఆలయాలకూ ప్రజలకూ కలిగిన కష్టాలను ఏకరువు పెట్టారు. అంత జరుగుతున్నా కదలని దేవుణ్ణి నిలదీశారు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ‘ఆంధ్రనాయక శతకం’లో నిందాస్తుతితో పలకరించాడు. దినపత్రికలు లేని కాలంలో ఈ శతకాలు కొంతవరకు వార్తాకథనం చేసే పని, కొంతవరకు సంపాదకీయం చేసే పని నెరవేర్చాయని చెప్పవచ్చు. ఫిర్యాదు ఉంది, సాక్ష్యం ఉంది, బాధ్యుణ్ణి పేరుపెట్టి పిలవడం ఉంది. ఆ బాధ్యుడు దేవుడు కావడమే తేడా.

వేమన మకుటంలో అమరిక వేరు. అక్కడున్నది వినమనే పిలుపు. వేమన తనకు తానే చెప్పుకుంటున్నాడా, శిష్యుడికి చెబుతున్నాడా, ఎవరో వేమనకు చెబుతున్నారా అన్న సందిగ్ధత తొలగేది కాదు. ఆ సందిగ్ధతే పద్యానికి వినయాన్నిస్తుంది. ఎంత కటువైన మాటైనా ముందు వేమన చెవినే పడుతుంది.

నార్ల మకుటంలో దేవుడు లేడు, వినేవాడూ లేడు. ఉన్నవి మూడు: వాస్తవమన్న నిర్ధారణ, చెప్పినవాడి పేరు, మాట. సంబోధన ప్రకటనగా మారింది. దేవుడి చోటును ఖాళీ చేసిన హేతువాది ఆ చోట తనను తాను నిలుపుకున్నాడన్న అభ్యంతరం ఇక్కడే వస్తుంది. దీన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. ‘వారి’ అన్న గౌరవవాచకం కూడా అక్కడ ఉంది. తన పేరుకు తానే ‘వారి’ చేర్చుకోవడం గంభీరంగా చేసిందైతే అహంకారం, నవ్వుతూ చేసిందైతే వ్యంగ్యం. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ముందు ఛందస్సును చూడాలి.

4. ఛందస్సు చేసే పని:

ఆటవెలది బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: గలం, నగణం. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. మకుటం నాలుగో పాదంలో వస్తుంది కనుక దాన్ని ఐదు సూర్యగణాల్లో ఇమడ్చాలి.

పుస్తకం పేరునే తీసుకుంటే ‘నార్ల’, ‘వారి’, ‘మాట’ మూడూ గలాలు. అంటే పేరే మూడు సూర్యగణాలు. మిగిలిన రెండు గణాలకు ఆరు మాత్రలు కావాలి. ‘వాస్తవం’ అన్న వాడుకరూపానికి ఉన్నవి ఐదు మాత్రలే. అందువల్ల దినపత్రిక వచనంలో కనబడని ‘-మ్ము’ రూపం పద్యంలోకి వచ్చింది. వ్యావహారికం కోసం పనిచేసిన సంపాదకుడు ‘వాస్తవం’ అన్న మాటనే గ్రాంథికంగా పలకవలసి రావడం ఛందస్సు ఆయనపై విసిరిన చిన్న చమత్కారం.

యతి విషయం మరింత ఆసక్తికరం. మొదటి గణం ‘వా’తో మొదలైతే నాలుగో గణంలో దానికి మైత్రి కావాలి. ఆ నాలుగో గణం ‘వారి’. ‘వాస్తవ’ శబ్దాన్ని నార్ల పేరుతో ముడివేస్తున్న అక్షరం ఆ గౌరవవాచకంలోనిదే. దాన్ని తీసేస్తే యతి చెడుతుంది. కాబట్టి ‘వారి’ని ఉత్త ఆత్మగౌరవ ప్రకటనగా చదవనవసరం లేదు. అయితే ఛందోవసరం అన్నంత మాత్రాన అర్థం మాయం కాదు. వినేవారి చెవికి అందేది గౌరవవాచకమే. ఊళ్లో ఎవరైనా ‘ఫలానా వారి మాట’ అన్నప్పుడు అందులో మన్నన ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఎత్తిపొడుపూ ఉంటుంది. ఈ ద్వంద్వధ్వని ముసుగులేని రచయితకు మిగిలిన ఏకైక ముసుగు.

ఛందస్సు పదజాలాన్నీ నిర్ణయించింది. ‘సంపాదకుడు’ అన్న మాటలో మొదటి రెండక్షరాలూ గురువులు. సూర్యగణం ఎప్పుడూ లఘువుతోనే ముగుస్తుంది, గలంలో ఒక్క గురువే ఉంటుంది. అందువల్ల వరసగా రెండు గురువులు సరి పాదంలో ఎక్కడా ఇమడవు. వృత్తినామమే పద్యంలో సగభాగానికి పనికిరాదన్నమాట. ‘ఎడిటర్’, ‘జర్నలిస్టు’ అన్న ఇంగ్లీషు మాటలు మాత్రం సూర్యగణాల్లో చక్కగా ఒదుగుతాయి. ‘జర్నలిస్టు’ కచ్చితంగా రెండు గలాలు. నార్ల ఈ రెండు మాటలనూ పద్యాల్లో వాడారు. పత్రికా కార్యాలయంలో రోజూ వినబడే మాటలే దేశి ఛందస్సుకు సరిపోవడం వల్ల ఆ పద్యాలకు వాడుకభాష రుచి వచ్చింది. శతకరూపంలో ఆధునిక వృత్తి చొరబడటానికి ఆ ఇంగ్లీషు మాటలే దారి ఇచ్చాయి.

మకుటానికి ఒక పాదం పోగా కవికి మిగిలేది మూడు పాదాలు. గణాల లెక్కన చూస్తే 34 నుంచి 49 అక్షరాలు. ఇది శీర్షికలు దిద్దే సంపాదకుడికి పరిచితమైన ఇరుకు. ఇంత తక్కువ చోటులో విషయం చెప్పవచ్చు, పోలిక చెప్పవచ్చు. కారణం చెప్పడానికి మాత్రం చోటు మిగలదు. ఈ లోటు ప్రాముఖ్యం ఆరో విభాగంలో తేలుతుంది.

5. సత్యం, వాస్తవం:

మకుటంలో నార్ల ‘సత్యం’ అనకపోవడం గమనార్హం. ఈ భేదం అర్థం కావాలంటే ఆయన నాటకాల వైపు చూడాలి. ‘జాబాలి’, ‘నరకంలో హరిశ్చంద్రుడు’, 1981లో సాహిత్య అకాడమీ పురస్కారానికి ఎంపికైన ‘సీత జోస్యం’ మూడింటికీ మూలం పురాణేతిహాసాలే.

వాల్మీకి అయోధ్యాకాండలో జాబాలి రాముణ్ణి అయోధ్యకు మరలించడానికి ప్రయత్నిస్తూ, కంటికి కనబడేదాన్ని స్వీకరించి, కనబడనిదాన్ని వెనక్కి నెట్టమంటాడు. రాముడి జవాబంతా సత్యం చుట్టూ తిరుగుతుంది. రాముడికి సత్యమంటే ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం. జాబాలికి ముఖ్యమైనది కంటి ముందున్న స్థితి. రామాయణంలో ఈ వాదం జాబాలి వెనక్కి తగ్గడంతో ముగుస్తుంది. తాను నాస్తికుణ్ణి కానని, సమయాన్ని బట్టి అలా మాట్లాడానని అతడు చెప్పుకుంటాడు. అలా వెనక్కి తగ్గిన పాత్రనే నార్ల నాటకానికి శీర్షిక చేశారు.

హరిశ్చంద్రుడి కథలో ఇదే భేదం మరింత పదునుగా ఉంది. ఆడిన మాట తప్పకూడదన్న వ్రతం కోసం భార్యాబిడ్డలను అమ్మిన రాజు సంప్రదాయానికి సత్యసంధుడు. ఆ అమ్మకం వాస్తవం. సత్యం రాజుకు కీర్తి తెచ్చింది, వాస్తవం చంద్రమతికీ లోహితుడికీ మిగిలింది. సత్యవ్రతుణ్ణి నరకంలో నిలబెట్టిన శీర్షిక ఒక్కటే ఈ ప్రశ్న వేయడానికి చాలు. అలాగే అరణ్యకాండలో, వైరం లేకుండా రాక్షసులను చంపడం తగదని సీత రాముణ్ణి హెచ్చరిస్తుంది. ఆయుధం చేతిలో ఉన్నందువల్లనే క్రూరుడైపోయిన తపస్వి కథ చెబుతుంది. ఆ హెచ్చరికను కేంద్రంగా తీసుకున్న నాటకానికి ‘జోస్యం’ అని పేరు పెట్టడంలో హేతువాది చిరునవ్వు వినిపిస్తుంది. ఇక్కడ జోస్యం గ్రహగతుల మీద ఆధారపడింది కాదు. కళ్లముందున్న కారణాన్ని చూసి రాబోయే ఫలితాన్ని ఊహించడమే.

ఈ నాటకాలతో కలిపి చదివినప్పుడు మకుటంలోని ‘మాట’కు బరువు వస్తుంది. హరిశ్చంద్రుడి మాట ఒకసారి నోరు దాటాక లోకం దానికి తగినట్లు మారాలి. పాత్రికేయుడి మాట దీనికి విరుద్ధం. లోకంలో జరిగినదానికి తగినట్లు మాటే మారాలి. మొదటిది మాటను ప్రమాణం చేస్తుంది, రెండోది మాటకు ప్రమాణం అడుగుతుంది. మత విమర్శకుడిగా, పత్రికా సంపాదకుడిగా నార్ల చేసిన రెండు పనులూ ఈ ఒక్క భేదంలో కలుస్తాయి.

6. ఆప్తుడెవరు?

అయితే మాటకు ప్రమాణం అడిగినవాడు తన మాటే వాస్తవమని ఎలా ముగిస్తాడు? శబ్దప్రమాణం గురించి భారతీయ దర్శనాలు చేసిన చర్చ ఇక్కడ ఉపకరిస్తుంది. చార్వాకుల వాదం ప్రత్యక్షాన్నే ప్రధాన ప్రమాణంగా తీసుకుంది. న్యాయసూత్రాలు ఆప్తుడి ఉపదేశాన్ని శబ్దప్రమాణంగా అంగీకరించాయి. దానికి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుణ్ణి నిర్వచించిన తీరు ఆలోచింపజేస్తుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్లే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషులకూ, ఆర్యులకూ, మ్లేచ్ఛులకూ సమానమని ఆయన అన్నాడు. ఆప్తత్వం పుట్టుక వల్లగానీ, గ్రంథం వల్లగానీ వచ్చేది కాదు. చూసి, చూసినట్లు చెప్పే ఎవరికైనా వచ్చేది.

మంచి విలేకరికి ఇంతకంటే సరైన నిర్వచనం దొరకదు. ఈ దృష్టితో చూస్తే నార్ల మకుటం వేదవాక్యం స్థానాన్ని కోరడం లేదు, సాక్షి స్థానాన్ని కోరుతోంది. సాక్షి పేరు చెప్పాలి. పేరు చెప్పినవాణ్ణి ఎదురు ప్రశ్నించవచ్చు. పేరులేని శాస్త్రవాక్యాన్ని ఎవరు ప్రశ్నించగలరు? మకుటంలోని పేరు అధికారానికి గుర్తు కావచ్చు, జవాబుదారీకీ గుర్తు కావచ్చు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. సంపాదకుడు విలేకరి కాదు. అతడు కుర్చీలో కూర్చుని ఇతరులు చూసినదాన్ని చదువుతాడు. నార్ల కాలపు తెలుగు దినపత్రికకు దూరప్రాంతాల వార్త టెలిప్రింటరు మీద ఇంగ్లీషులో వచ్చేది. రాత్రికి రాత్రి ఉపసంపాదకులు దాన్ని తెలుగు చేసేవారు. తరువాత అక్షరాల కూర్పు, ప్రూఫు, ముద్రణ. అంత దూరం ప్రయాణించి, అన్ని చేతులు మారి వచ్చినదాన్ని ‘స్వయంగా ఎరిగినది’ అనడం కష్టం. కాబట్టి పద్యంలో తాను చూసినదేదో సంపాదకుడు చూపించాలి. ఆ పని చేసేది దృష్టాంతం.

న్యాయశాస్త్రం ఒక వాదాన్ని ఐదు అవయవాలుగా విభజిస్తుంది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. వేమన మార్గంలో నడిచే ఆటవెలదికి అలవాటైన నిర్మాణం దీనికి సంక్షిప్తరూపంలా ఉంటుంది. మొదటి రెండు పాదాల్లో ప్రతిజ్ఞ, మూడో పాదంలో ఉదాహరణ. నిగమనం రావలసిన నాలుగో పాదాన్ని మకుటం ఆక్రమిస్తుంది. హేతువుకు చోటు లేదు. హేతువాది ఎంచుకున్న రూపంలో హేతువుకే చోటు లేకపోవడం ఈ పద్యాలలోని అసలు సమస్య. పోలిక పాఠకుడి అనుభవంలో ఉన్నదైతే అతడు హేతువును తానే పూరించుకుంటాడు. పోలిక లేని పద్యంలో ప్రతిజ్ఞ నేరుగా మకుటానికి తగులుతుంది. అప్పుడు మిగిలేది ‘నేను చెబుతున్నాను కనుక’ అన్న హేతువొక్కటే. అది నార్ల జీవితమంతా ఎదిరించిన వాదరీతి.

7. బుస, సాక్ష్యం:

ఈ ప్రమాణంతో ఆయన పద్యాల్లో బాగా ప్రచారం పొందిన రెండింటిని పరిశీలించవచ్చు.

మొదటిది సంపాదకుడి బిడియం గురించినది. బిడియపడే ఎడిటర్ రాతలో ధాటి తగ్గుతుందని చెప్పి, కోడెత్రాచు బుసను పోలికగా తెస్తుందా పద్యం. పోలిక పల్లెజీవితంలోనిది, బలమైనది. పత్రికను కత్తితోనో దివిటీతోనో పోల్చే అరిగిన పద్ధతి కంటే కొత్తది. బుస కాటు కాదు, హెచ్చరిక. పత్రిక పని శిక్షించడం కాదని, అప్రమత్తం చేయడమని పోలిక ఊహింపజేస్తుంది. అయితే విషం లేని పాము కూడా పడగ ఎత్తాలన్న పంచతంత్ర నీతి ఒకటుంది. బుసకు విషంతో పనిలేదు, వాస్తవంతో అసలే పనిలేదు. ధైర్యం గురించిన ఈ పద్యానికి వాస్తవం గురించిన మకుటం తగిలినప్పుడు రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. బిగ్గరగా చెప్పినదే నిజమనిపించే ధోరణి ప్రసారమాధ్యమాల్లో బలపడిన కాలంలో ఈ పద్యాన్ని ఒంటరిగా ఉదాహరించడం ప్రమాదకరం. ఇది బుస కొట్టేవారికీ యోగ్యతాపత్రం ఇస్తుంది.

రెండో పద్యం ఆ లోటును పూరిస్తుంది. నిజాన్ని కప్పిపుచ్చి, నీతిని వదిలి, స్వామిసేవ చేసే జర్నలిస్టు తార్చేవాడి కంటే తక్కువవాడని అది తీర్పు చెబుతుంది. ఇందులో ముందుగా చెప్పుకోవలసింది ‘స్వామి’ శబ్దం. సంస్కృతంలో స్వామి యజమాని. తెలుగు వాడుకలో దేవుడు, సన్యాసి. స్వామిసేవ గుడిలోనూ జరుగుతుంది, కార్యాలయంలోనూ జరుగుతుంది. ఒక్క మాటతో మతవిమర్శ, వృత్తివిమర్శ కలిసిపోయాయి. పత్రికాధిపతి ముందు చేతులు కట్టుకున్న ఉద్యోగికీ, విగ్రహం ముందు ప్రశ్న మరిచిన భక్తుడికీ పోలిక పైకి చెప్పకుండానే కుదిరింది. నార్ల వ్యంగ్యం ఉత్తమస్థాయిలో పనిచేసేది ఇటువంటి చోట్లే. నవ్వు వాక్యంలో లేదు, పదంలో దాగి ఉంది.

తార్చేవాడి కంటే ఎందుకు తక్కువ? పద్యం చెప్పదు. పాఠకుడు పూరించుకోవాలి. తార్చేవాడు తన పనికి సత్యమన్న పేరు పెట్టుకోడు. నిజాన్ని దాచే పాత్రికేయుడు నిజం చెప్పేవాడిగానే తిరుగుతాడు. ఈ హేతువు పోలిక నుంచే సహజంగా పుడుతుంది గనుక ఇక్కడ మకుటం బలవంతంగా అనిపించదు. వాస్తవాన్ని దాచేవాడి గురించిన పద్యం వాస్తవమన్న మాటతో ముగియడం అర్థానికి అతికింది. పైగా ఈ నింద సొంత వృత్తి మీదనే. రచయిత తన పేరును కూడా అదే కొలత కింద పెట్టుకున్నాడు.

పోలికలో పరిమితీ ఉంది. తార్చడమన్న చర్యలో ముగ్గురుంటారు: తార్చేవాడు, అమ్ముడయ్యే స్త్రీ, కొనేవాడు. పద్యం మొదటివాణ్ణే చూసింది. పోలికను చివరిదాకా నడిపిస్తే పత్రికలో అమ్ముడయ్యేది నిజం, కొనేవాడు పాఠకుడు. తనకు నచ్చిన అబద్ధం కోసం డబ్బిచ్చే పాఠకుడికి ఈ వ్యాపారంలో భాగం లేదా అన్న ప్రశ్న పోలికలో నిద్రాణంగా ఉంది. నార్ల దాన్ని లేపలేదు. స్త్రీ బాధను పురుషుడిని తిట్టే సాధనంగా మాత్రమే వాడుకునే శతకసంప్రదాయపు అలవాటు నుంచి కూడా ఈ పద్యం బయటపడలేదు. చంద్రమతి పక్షాన ఆలోచించడానికి అవకాశమిచ్చే ఇతివృత్తాన్ని నాటకానికి ఎంచుకున్న రచయిత గనుక ఈ మౌనం ఎక్కువగా కనబడుతుంది.

8. అచ్చు, జ్ఞాపకం, తెర:

పత్రిక ఆయువు ఒక రోజు. మరునాటికి అది పొట్లం కాగితం. దినపత్రిక సాంకేతికత వేగం కోసం నిర్మించినది, నిలకడ కోసం కాదు. ఆటవెలది అందుకు విరుద్ధమైన సాంకేతికత. యతి, గణం, మకుటం జ్ఞాపకానికి కొక్కేలు. కాగితం లేకుండా శతాబ్దాలు నడవడానికి అనువైన రూపమది. రోజువారీ అచ్చుయంత్రానికి పనిచేసిన వ్యక్తి తన ఆలోచనలకు అచ్చుకు పూర్వపు వాహనాన్ని ఎంచుకోవడంలో తన వృత్తి పరిమితి పట్ల స్పష్టమైన ఎరుక ఉంది.

ఆ ఎంపిక ఫలించింది. ఆయన సంపాదకీయాలను తిరిగి చదివేవారు ప్రధానంగా పరిశోధకులు. పద్యాలు మాత్రం సభల్లో, పాఠ్యాంశాల్లో, ఇప్పుడు ఫోన్ తెరల మీద బొమ్మలుగా తిరుగుతున్నాయి. కానీ జ్ఞాపకసాంకేతికతకు ఒక పాత జబ్బు ఉంది. వేమన పేర ప్రచారంలో ఉన్న పద్యాలు వేలు. 1829లో సి.పి.బ్రౌన్ తొలి సంకలనం తెచ్చిన నాటి నుంచీ వాటిలో ఏవి వేమనవో తేల్చే పని సాగుతూనే ఉంది. కారణం మకుటమే. నాలుగో పాదం తయారుగా ఉంటే మూడు పాదాలు అల్లి ఎవరైనా వేమన కావచ్చు. రచయితను గుర్తించే ముద్రే అతని పేరును దొంగిలించే సాధనమైంది.

ఏ మాటకైనా ఎవరి పేరైనా తగిలించి క్షణంలో పంచగల ఈ కాలంలో ఆ జబ్బు పద్యాన్ని దాటి వార్తకూ సోకింది. పేరు కనబడితే చాలు, ప్రమాణం ఉన్నట్లే అనుకునే అలవాటు పెరిగింది. వాస్తవమని ప్రకటించే మకుటం వాస్తవానికి రుజువు కాదన్న ఎరుక నార్ల పద్యాలను చదవడానికి మాత్రమే కాక, ఆయన పేర తెర మీద కనబడే పద్యాలను నమ్మడానికి ముందు కూడా అవసరం. మూలగ్రంథంతో పోల్చని ఉదాహరణను వ్యాసాల్లో వాడకపోవడం అధ్యాపకులూ పరిశోధకులూ ఆయన పట్ల చూపగల కనీస గౌరవం.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

• ముసుగు ధరించిన పానుగంటి, గోరాశాస్త్రి మార్గాల నుంచి విడివడి నార్ల సొంత పేరుతో వ్యంగ్యం నడిపారు. సంతకంలేని వృత్తిరచనకు అది ప్రతిక్రియగా అర్థమవుతుంది.

• అధిక్షేప శతకంలో దేవుడు నిలిచిన స్థానంలో ఆయన సాక్షిని నిలిపారు. ‘వారి’ అన్న గౌరవవాచకం యతి అవసరాన్నీ, ఆత్మవ్యంగ్యాన్నీ ఏకకాలంలో నెరవేరుస్తుంది.

• ఆయన నాటకాల్లో సత్యానికీ వాస్తవానికీ మధ్య కనిపించే ఘర్షణే మకుటానికి తాత్త్విక భూమిక.

• హేతువుకు చోటులేని రూపంలో దృష్టాంతమే హేతువు బాధ్యత మోయాలి. స్వామిసేవ పద్యంలో అది మోసింది. కోడెత్రాచు పద్యంలో ధైర్యాన్ని సమర్థించింది గాని, వాస్తవాన్ని కాదు.

నార్ల పద్యాలను సూక్తులుగా భద్రపరచడం వాటికి న్యాయం చేయదు. సూక్తిని ఒప్పుకుంటారు, సాక్ష్యాన్ని పరీక్షిస్తారు. శాస్త్రాన్నైనా పరీక్షించకుండా ఒప్పుకోవద్దని వాదించిన రచయిత పద్యాన్ని చదివే పద్ధతి రెండోదే కావాలి. ప్రతి పద్యం చివరా తన పేరు రాసి ఆయన పాఠకుడికి ఇచ్చింది ఆ పరీక్ష చేసే హక్కునే.